ఆవిడ వంతు మాటలు

ఆ ఆదివారం బాపట్లలో, ఇటాలియన్ రెండో స్థాయి సంభాషణ పరీక్షలో, నా ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి మాటలు కూడా నేనే మాట్లాడేశాను. ఏదో ఒకసారి పొరపాటున కాదు, ఆవిడ ఆగిన ప్రతిసారీ. పరీక్ష అయ్యాక మేడం నా వైపు చూసి "బ్రావో" అన్నారు. ఆవిడ వైపు చూసి, "మీరు అసలు మాట్లాడనే లేదేంటండీ?" అన్నారు. అప్పటికీ నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా వైపు పిల్లలు ఇటలీకి చదువులకి వెళ్ళడం ఎక్కువయ్యాక, విశ్వవిద్యాలయం వాళ్ళు బాపట్లలో ఒక కాలేజీ గదులు తీసుకుని ఇటాలియన్ తరగతులు మొదలుపెట్టారు. వారం మధ్యలో ఫోన్లో పాఠాలు, ఆదివారాలు బాపట్లలో ముఖాముఖి. మొదటి స్థాయిలో గది నిండా కుర్రాళ్ళే. వీసా వచ్చినవాడు వచ్చినట్టే మాయమయ్యేవాడు. రెండో స్థాయికి వచ్చేసరికి కొద్దిమందిమి మిగిలాం. అందులో జుట్టుకి రంగు వేసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. తెనాలిలో జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఈ వయసులో ఇటాలియన్ ఏంటండీ అని ఎవరైనా అడిగితే, "భాషలంటే ఇష్టమండి" అనేవాణ్ణి. అబద్ధం. ఇరవై ఏళ్ళకి పైగా పరిషత్తు నాటకాలు ఆడినవాణ్ణి. మా నాటక సమాజంలో ఒక్కొక్కరూ తప్పుకుని అది మూతబడింది. నాకు మాట్లాడటానికి ఒక చోటు కావాలి, వినడానికి నలుగురు కావాలి. తరగతిలో లేచి నిలబడి రెండు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చెబితే, ఆ కుర్రాళ్ళు "మాస్టారు ఇరగదీశారు" అనేవాళ్ళు. నేను ప్రతి ఆదివారం బాపట్ల రైలెక్కింది ఆ మాట కోసం. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

పాఠాలు బాగుండేవి, ఆ మాట చెప్పాలి. మేడం అక్కడ చాలా ఏళ్ళు ఉండి వచ్చిన మనిషి. చర్చిలు, బొమ్మలు, పాతకాలపు గొప్పలు ఆవిడకి పట్టవు. ఇవాళ అక్కడ మనుషులు ఎలా బతుకుతున్నారో చెప్పేవారు. కాఫీ నిలబడి రెండు గుక్కల్లో తాగేసి వెళ్ళిపోతారని, ముప్ఫై దాటినా పిల్లలు అమ్మ చేతి వంట వదిలి కదలరని, కొండల మీద ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయి పిల్లలు లేక బళ్ళు మూసేస్తున్నారని. టీవీ చర్చలు కూడా చూపించేవారు. అందులో ఒకరు మాట్లాడుతుండగానే ఇంకొకరు అందుకుంటారు, ఎవరూ తప్పు పట్టరు. ఈ చివరి ముక్క మాత్రం నేను భద్రంగా దాచుకున్నాను. తర్వాత సాకుగా వాడుకోవడానికి.

పరీక్షలో నా ఎదుట కూర్చున్న ఆవిడ రేపల్లె నుంచి వచ్చేది. ముప్ఫై దాటిన ఇల్లాలు. పెనుమూడి దారిలో ఒక చిన్న ప్రైవేటు బళ్ళో టీచరుగా చేసింది. ఆ బడి మూతపడ్డాక ఇంట్లోనే ఉంది. తరగతిలో ఎప్పుడూ చివరి వరస. ఏదైనా అడిగితే వెంటనే చెప్పదు. కిటికీ వైపు ఒకసారి చూసి, మాట వెతుక్కుని, అప్పుడు చెబుతుంది. చెప్పింది ఎక్కువసార్లు సరిగ్గానే ఉంటుంది. మేడం అదే గమనించినట్టున్నారు. రేపల్లెలోనే మొదటి స్థాయి తరగతి పెట్టాలనుకుంటున్నామని, రెండో స్థాయి సంభాషణ పరీక్ష పాసైతే దాన్ని చెప్పే పని ఆవిడకి ఇప్పిస్తానని అన్నారు. పాసవ్వకపోతే వేరే ఊరి నుంచి ఎవర్నో తెస్తారు.

ఆ సంగతి రైల్లో నాకు చెప్పినప్పుడు ఆవిడ మొహం చూశాను. "మళ్ళీ బ్లాక్ బోర్డు ముందు నిలబడతానేమో అన్నయ్య గారూ" అంది. అంతే. అది ఎంత పెద్ద మాటో నాకు అప్పుడే తెలియాల్సింది.

సంభాషణ పరీక్ష జంటగా ఇవ్వాలి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే, మేడం ఒక అంశం ఇస్తారు. దాని మీద ఇద్దరూ మాట్లాడుకోవాలి. జంటగా ఎవర్ని తీసుకుంటావమ్మా అని మేడం అడిగితే ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది. "నేనున్నానుగా చెల్లెమ్మా" అనేశాను. అక్కడే మొదలైంది.

ఇంటికెళ్ళి నాటకం రాసేశాను. అవును, నాటకమే. వచ్చే అంశాలు ఏవో ముందే మాకు తెలుసు. ఒక్కో అంశానికీ మా ఇద్దరి మాటలూ ఇటాలియన్లో రాసి, ఫోన్లో సరిచూసుకుని, ప్రింటు తీసి, ఆవిడ మాటల కింద ఎర్ర గీతలు గీశాను. ఏ మాట దగ్గర ఆగాలో, ఎక్కడ నా వైపు తిరగాలో కూడా రాశాను.

కాగితాలు చూసి ఆవిడ, "ఇదేంటి అన్నయ్య గారూ, మేడం సంభాషణ అన్నారు, మీరు నాటకం రాసుకొచ్చారు?" అంది.

"సంభాషణంటే ఏంటమ్మా, ఇద్దరి డైలాగులేగా" అన్నాను.

"మరి నేనేం అనుకుంటున్నానో మీకెలా తెలుసండీ?"

"నువ్వు కంగారుపడితే నేను కవర్ చేస్తాలే."

నాటకాల్లో నాకున్న పేరు అదే. పక్కవాడు డైలాగు మర్చిపోతే, ప్రేక్షకుడికి అనుమానం రాకుండా, ఆ మాట నేనే అందుకుని కథ నడిపించేసేవాణ్ణి. "వాడు పక్కనుంటే మూగవాడైనా గట్టెక్కుతాడు" అని మా దర్శకుడు అందరిలో అనేవాడు. స్టేజి మీద నిశ్శబ్దమంటే ప్రమాదం అని నా రక్తంలో ఇంకిపోయింది. ఎవరు ఆగినా నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. దాన్ని నేను మంచితనం అనుకున్నాను. ఇరవై ఏళ్ళు దానికి శాలువాలు కూడా కప్పించుకున్నాను.

ఆ ఆదివారం మాకు వచ్చింది ఖాళీ ఊళ్ళు, మూతపడే బళ్ళ అంశం. మేము రైల్లో బట్టీ పట్టిందే. మేడం తన ఫోన్లో రికార్డింగ్ పెట్టి పక్కకి జరిగారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఆవిడ మొదటి రెండు మాటలూ కాగితంలో ఉన్నట్టే చెప్పింది. మూడో మాట నేను రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. "పిల్లలు లేని ఊళ్ళో బడి గంట ఎవరి కోసం మోగుతుంది?" అని ఆవిడ నిట్టూర్చాలి. నేను తల వంచుకోవాలి. పరిషత్తులో అయితే అక్కడ చప్పట్లు ఖాయం.

ఆవిడ ఆ మాట అనలేదు. తల అడ్డంగా ఊపి, ఇటాలియన్లో నెమ్మదిగా, "మా బళ్ళో గంట లేదు" అంది. తర్వాత, "మా బళ్ళో ఉన్నది..." అని ఆగిపోయింది. కిటికీ వైపు చూసింది.

మర్చిపోయింది అనుకున్నాను. అంతే, అందుకున్నాను. గంట గురించి ఆవిడ అనాల్సిన మాట నేనే అని, దానికి నేనే బదులిచ్చి, పైగా నా నిట్టూర్పు కూడా కలిపాను. ఆవిడ నా వైపు తిరిగి, "కాదు, నేను చెప్పేది..." అంది. మళ్ళీ మాట కోసం ఆగింది. మళ్ళీ అందుకున్నాను. మేడం ఆవిణ్ణే చూస్తూ, "మీరు చూసిందేంటి, మీరు చెప్పండి" అని అడిగారు. ఆవిడ "అల్లోరా..." అని మొదలుపెట్టింది. మనం "మరేమో..." అని సాగదీసినట్టు అన్నమాట. మాట వెతుక్కునే మనిషి అనే మాట అది. మేడమే నేర్పారు. తడబడితే అలా అనండి, ఎదుటివాళ్ళు ఆగుతారు అని చెప్పారు. నేను ఆగలేదు. మేడం ప్రశ్నకి కూడా సమాధానం నేనే చెప్పాను. అద్భుతంగా చెప్పాను. ఒక్క తప్పు లేదు. ముందు రాత్రి అద్దం ముందు చెప్పుకున్నదే మరి.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇంక నోరు తెరవలేదు.

బయటికొచ్చాక మేడం మీద కూడా నాకు కోపం వచ్చింది. అంత అనుభవం ఉన్న మనిషి, ఒక జీవి గొంతు పిసుకుతుంటే కళ్ళ ముందు చూస్తూ "బ్రావో" అంటారా? మార్కులు రేపు సాయంత్రం పైకి పంపేస్తానని చల్లగా చెప్పి తర్వాతి జంటని పిలిచారు. కానీ ఆ కోపం ఎంతసేపో నిలబడలేదు. గొంతు పిసికింది మేడం కాదుగా.

తెనాలి వైపు రైలు కిక్కిరిసి ఉంది. సూర్యలంక సముద్రానికెళ్ళి వచ్చినవాళ్ళు తడి బట్టలతో, ఇసుక కాళ్ళతో ఎక్కారు. మా ఇద్దరికీ కిటికీ పక్కన ఎదురెదురు సీట్లు దొరికాయి. మళ్ళీ అదే కూర్చోవడం. ఆవిడ బయటికి చూస్తోంది. నేను ఊరుకున్నానా? ఊరుకోలేదు.

"బాధపడకమ్మా. ఇటలీలో అంతేగా, ఒకరి మాటల్లో ఒకరు దూరతారు. మేడమే చెప్పారు. అది మన సంభాషణకి సహజత్వం తెచ్చింది" అన్నాను.

ఆవిడ తిరిగి చూసింది. ఆ చూపుకి మా పక్కన జామకాయ కొరుకుతున్న పిల్ల కూడా నమలడం ఆపింది.

"సహజత్వమా?" అంది. "నా నోట్లోంచి మాట లాక్కుని మీ నోట్లో వేసుకోవడం సహజత్వమాండీ?"

"నువ్వు మర్చిపోయావని..."

"మర్చిపోలేదు. వెతుక్కుంటున్నాను. మర్చిపోవడానికీ వెతుక్కోవడానికీ తేడా తెలీదా మీకు? ఇన్నేళ్ళు పాఠాలు చెప్పారు, పిల్లలు ఆలోచిస్తున్నప్పుడు కూడా ఇంతేనా?"

నేను నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తింది.

"వద్దు. ఇప్పుడు దీనికి కూడా మీ దగ్గర మంచి డైలాగు ఉంటుంది. వద్దండి."

నిడుబ్రోలు వచ్చింది, పోయింది. జనం ఎక్కారు, దిగారు. తెనాలి వచ్చింది. అక్కడ నేను దిగి ఇంటికి పోవాలి, ఆవిడ రేపల్లె బండికి మారాలి. మామూలుగా ఆ బండి ఎక్కించి, అది కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి ఏదో ఒకటి చెబుతూ ఉండేవాణ్ణి. ఆ రోజు నన్ను చూడకుండా వెళ్ళి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.

బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద నిలబడి మేడంకి ఫోన్ చేశాను. తప్పు నాదే అన్నాను, ఆవిడకి ఇంకో అవకాశం ఇవ్వండి అన్నాను, బతిమాలాను. మేడం అంతా విని, మార్కులు పంపేలోగా పరీక్ష మళ్ళీ పెట్టమని అడగవచ్చన్నారు. కానీ జంట మార్చడం కుదరదు, ఇవాళ్టి మార్కులు ఇద్దరివీ రద్దవుతాయి అన్నారు. "సరేనండి" అన్నాను. "మీరు సరే అంటే కాదండీ, ఆవిడ అడగాలి" అన్నారు.

నాకు అది వినపడలేదు. అంటే చెవిన పడింది, లోపలికి వెళ్ళలేదు. పనైపోయిందన్న సంతోషంలో ఆవిడకి ఫోన్ కొట్టాను. రైలు చప్పుడులో గట్టిగా అరిచాను. "అమ్మా, మేడంతో నేను మాట్లాడేశాను! రేపు మళ్ళీ పరీక్ష, జంట మాత్రం మార్చరట. నువ్వు ఫోన్ చేసి ఇలా చెప్పు, నాకు ఒంట్లో బాగోలేక..."

ఆవిడ మధ్యలోనే అడ్డుపడింది.

"మళ్ళీ మీరేనా? మేడంకి ఏం చెప్పాలో కూడా మీరే రాసిస్తారా?"

పెట్టేసింది.

ఆ ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. కోపం వచ్చింది. మొదట ఆవిడ మీదే, నిజం చెప్పాలి. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. ఇంటికి నడుస్తూ ఆ ముక్కే పదేపదే అనుకున్నాను. ఇంత చేస్తే, ఇంత చేస్తే. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. జరిగిందంతా చెప్పి, ఓదారుస్తుందని ఎదురుచూశాను.

మా ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"ఇందులో కొత్తేముంది?" అంది. "మన పెళ్ళిచూపుల్లో మా అత్త నన్ను, 'ఏమే, అబ్బాయి నచ్చాడా?' అని అడిగితే, 'నచ్చానండి' అన్నది ఎవరు?"

"అందరూ నవ్వారుగా."

"నేను కూడా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆ నవ్వుకే మీరు ఇన్నేళ్ళూ ఆడుతున్నారు." ఇంకో కాయ తీసుకుంది. "ఇంటికి ఎవరొచ్చినా నన్ను 'బాగున్నారా' అంటే, 'బాగుందండి, కాస్త మోకాళ్ళ నొప్పులు' అని మీరు చెప్తారు. నా మోకాళ్ళు ఇవి."

చేటలోంచి ఒక కాయ తీసి మళ్ళీ అందులోనే పెట్టేశాను.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాను.

"అదీ నన్నే అడుగుతారా? ఆవిణ్ణి అడగండి పోయి."

సాయంత్రం బండికి రేపల్లె వెళ్ళాను. వేమూరు దాటాక కాలవ పక్కన పొలాలు, మసక వెలుతురు. ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి. సగం దారిలో నాకే అర్థమైంది, మళ్ళీ స్క్రిప్టు రాసుకుంటున్నానని. దాన్ని ఆపడానికి ఎంత ప్రయత్నించానో చెప్పలేను. బుర్ర ఆగదు. దురద లాంటిది.

వాళ్ళు ఒక మేడ మీద అద్దెకుంటారు. కింద మందుల షాపు ఆవిడ భర్తది. నన్ను చూసి ఆయన షట్టర్ సగం దించి పైకి తీసుకెళ్ళాడు.

"ఏంటండీ, ఇవాళ ఏం జరిగింది బాపట్లలో?" అన్నాడు మెట్ల మీద. "వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో గిన్నెలన్నీ ఇటాలియన్లో మోగుతున్నాయి."

ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, నేను చేసింది చాలా పెద్ద తప్పు. నువ్వు నన్ను..." అన్నాను. అక్కడ నా గొంతు వణికింది.

"క్షమాపణ కూడా బాగా చెప్తారండీ మీరు" అంది ఆవిడ. "గొంతు ఎక్కడ వణకాలో కూడా తెలుసు."

ఆ గొంతు నిజంగా వణికిందా, నేను వణికించానా? ఆ రోజుకీ ఈ రోజుకీ నాకు తెలియదు. ఇరవై ఏళ్ళు అద్దం ముందు ఏడుపు నేర్చుకున్నవాడికి తన ఏడుపేదో తనకే తెలియకుండా పోతుంది. అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయక్కర్లేదు. కూర్చున్నాను. నోరు మూసుకున్నాను.

కాసేపటికి ఆవిడ, "నేను ఏం చెప్పబోయానో మీకు తెలుసా?" అంది.

"తెలీదమ్మా."

"అడిగారా?"

"లేదు."

"ఇప్పుడు కూడా అడగట్లేదు, చూడండి."

సిగ్గుతో చచ్చిపోయాను. "ఏం చెప్పబోయావమ్మా?" అన్నాను.

"ఇప్పుడు చెప్పను. రేపు అక్కడ చెప్తాను." ఫోన్ తీసుకుంది. "మేడంకి నేను చేస్తాను. నేను అడుగుతాను. జంట మార్చడం కుదరదన్నారుగా, అందుకని మీరు ఎదురుగా కూర్చోండి. కాగితాలు తీసుకురాకండి. నేను ఆగితే ఆగనివ్వండి. అది మీ వల్ల అవుతుందా?"

నేను చెప్పేలోగా భర్త అందుకున్నాడు. "కింద షాపులో ప్లాస్టరు ఉందండీ, ఇమ్మంటారా నోటికి?"

"మీరు కూడా ఊరుకోండి" అంది ఆయన్ని. ఇద్దరం ఊరుకున్నాం.

ఆవిడ మేడంతో మాట్లాడుతుంటే నేను మెట్ల మీదకి వెళ్ళి నిలబడ్డాను. లోపలి మాటలు సగం సగం వినపడుతున్నాయి. ఒకచోట ఆవిడ చాలాసేపు ఆగింది. నా పెదవులు కదిలాయి. ఇది అబద్ధం కాదు. మెట్ల మీద, ఎవరూ లేనిచోట, ఆవిడ బదులు చెప్పాల్సిన మాట నా పెదవుల మీదకి వచ్చింది. పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి బాపట్ల వెళ్ళాను. అదే గది, అవే కుర్చీలు. మేడం రికార్డింగ్ పెట్టి, అదే అంశం ఇచ్చారు. ఆవిడ నా వైపు చూసింది. నేను మొదలుపెట్టాలి. రాసుకున్నవన్నీ నాలుక మీదే ఉన్నాయి. అవన్నీ మింగేసి, "నీ బడి ఎలా ఉండేది?" అని మాత్రం అడిగాను.

"చిన్నది" అంది ఆవిడ. "పెనుమూడి దారిలో. మా బళ్ళో గంట లేదు. మా బళ్ళో ఉన్నది..."

ఆగిపోయింది.

ఫ్యాను తిరుగుతోంది. మేడం నా వైపు చూశారు, నేనేమైనా అంటానని. నా రెండు చేతులూ కుర్చీ అంచుల్ని పట్టుకున్నాయి. లోపల ఒకడు లేచి నిలబడి అరుస్తున్నాడు, అందించు, అందించు, జనం చూస్తున్నారు అని. వాడి మీద ఆ క్షణం నాకొచ్చినంత కోపం ఇంకెవరి మీదా ఎప్పుడూ రాలేదు. ఎంతమంది నోళ్ళలోంచి మాట లాక్కున్నాడు వాడు! నా విద్యార్థుల నోట్లోంచి, నా భార్య నోట్లోంచి. లాక్కుని, దాన్ని దానం చేసినట్టు నవ్వాడు.

ఆవిడ కిటికీ వైపు చూసింది. చేతుల్తో గాలిలో ఒక పొడుగాటి గీత గీసింది. "రైలు నడిచే ఇనుము" అంది ఇటాలియన్లో. "దాని ముక్క. వేలాడదీసి రాయితో కొట్టేవాళ్ళం."

రైలు పట్టా ముక్క. దాని మాట ఇటాలియన్లో నాకు కూడా తెలియదు. ఆవిడ ముందు రోజు వెతుక్కున్నది దాన్ని. నేను దాని మీద నా గంట తెచ్చి మోగించాను.

"ఎ పోయ్?" అన్నాను. "ఆ తర్వాత?" అని అడగడం అన్నమాట. ఆ పరీక్షలో నేను ఇంక అన్నది అదొక్కటే మాట. ఆవిడ ఆగినప్పుడల్లా ఆగి, ఆవిడ చెప్పడం అయ్యాక, అదే అడిగాను.

ఏటేటా పిల్లలు తగ్గారంది. పక్క ఊరి బడి బస్సు వచ్చి వాళ్ళని ఎక్కించుకు పోయేదంది. క్రియలు తప్పాయి, మధ్యలో ఒక ఇంగ్లీషు మాట దొర్లింది, వెనక్కి వెళ్ళి సరిచేసుకుంది. మేడం రాసుకోవడం మానేసి వింటున్నారు.

"చివరి నెలలో ఇద్దరే మిగిలారు" అంది. "అప్పుడు ఆ ఇనుము ఎవరూ కొట్టలేదు. ఇద్దరికి ఎందుకు? పేరు పెట్టి పిలిస్తే వచ్చేవాళ్ళు."

నేను రాసిన ఆ నిట్టూర్పు మాట గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. ఎవరి కోసం మోగుతుందట! మోగదు. అక్కడ పని చేసిన మనిషికి ఆ సంగతి తెలుసు. ముందే అడిగి ఉంటే నాకూ తెలిసేది. నేను ఆవిణ్ణి అడగలేదు.

మేడం ఆవిడతో చాలాసేపు మాట్లాడారు. రేపల్లె తరగతి ఎప్పటి నుంచో, ఏ గదిలోనో. నా వైపు తిరిగి, "మీరు ప్రశ్నలు తప్ప ఏమీ మాట్లాడలేదండీ. దీనికి పాస్ ఇవ్వలేను" అన్నారు.

"తెలుసండి" అన్నాను. ఇంకో మాట వచ్చింది. అనలేదు.

బయట వరండాలో ఆవిడ చెప్పులు వేసుకుంటూ, "ఇవాళ నోరు బాగానే మూశారు అన్నయ్య గారూ" అంది. నవ్వలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను అడగలేదు. స్టేషన్‌కి ఆటోలో ఆవిడ ఒక్కతే వెళ్ళింది.

నేను కాలేజీ ఆఫీసు గదికి వెళ్ళి, రెండో స్థాయికి మళ్ళీ పేరు రాయించుకున్నాను. గుమాస్తా నా వయసు చూసి, "ఫెయిలయ్యారాండీ?" అన్నాడు. అవునన్నాను. ఎలా అని అడిగాడు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. తీసుకురావద్దన్న ఆ ఎర్ర గీతల కాగితాలు ముందు రోజు నుంచి సంచిలోనే ఉండిపోతే తీసి, ఆ బల్ల పక్కనున్న చెత్తబుట్టలో వేసి, ఆయన ఇచ్చిన రసీదు తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి మా ఇంటికి పక్కింటావిడ వచ్చి మా ఆవిణ్ణి, "మోకాళ్ళెలా ఉన్నాయి వదినా?" అని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.